కుంచం కొలిచిన ఇంటి బిడ్డకు ఈ లెక్క రాదా?

ఉదయం పూట ప్యాసింజరు రైళ్ళలో సికింద్రాబాద్ స్టేషన్‌లో దిగే జనంలో జనగామ, ఆలేరు, భువనగిరి వైపు పల్లెల విద్యార్థులు ఎందరో ఉంటారు. ఊళ్ళో తెలుగు మీడియంలో చదివి, జంటనగరాల కళాశాలల్లో కంప్యూటర్ డిగ్రీలోనో, ఇంజనీరింగ్‌లోనో చేరిన పిల్లలు వీరిలో ఉన్నారు. మొదటి ఏడాది ఎలాగో గట్టెక్కినా, ఆ తర్వాత వచ్చే ఒక పేపరు దగ్గర వీరి బండి ఆగిపోతోంది. కళాశాలను బట్టి దాని పేరు కంప్యూటర్ ఆర్గనైజేషన్ అనీ, మైక్రోప్రాసెసర్ అనీ మారుతుంది. యంత్రం లోపల ఏం జరుగుతుందో, దానికి నేరుగా పని చెప్పే అసెంబ్లీ భాష ఏమిటో నేర్పే తొలి పాఠం అదే. ఆ పేపరు తప్పి, మళ్ళీ ఫీజు కట్టి, మళ్ళీ తప్పినవాళ్ళు చివరకు ఈ చదువు తమకు రాసిపెట్టి లేదనుకుంటున్నారు. బిడ్డ చదువు కోసం అర ఎకరం కుదువపెట్టిన తండ్రికి ఈ సంగతి ఆఖరున తెలుస్తుంది.

పల్లె పిల్లలకు లెక్కలు సరిగా రావని, అందుకే తప్పుతున్నారని కొందరు పట్నవాసులు తేల్చేస్తారు. ఈ మాట ఎంతమాత్రం సరికాదు. ఆ పేపరులో ఉన్న లెక్క మన ఇళ్ళలో తరతరాలుగా ఉన్నదే.

పాత కొలతలను ఒకసారి గుర్తు చేసుకోవాలి. రెండు గిద్దలు ఒక అరసోల. రెండు అరసోలలు ఒక సోల. రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం. ప్రాంతాన్ని బట్టి పేర్లు, పరిమాణాలు కొంత మారినా రెట్టింపు పద్ధతి మాత్రం ఇదే. గిద్దల్లో చెప్పాలంటే 1, 2, 4, 8, 16, 32, 64. ఇప్పుడు ఎవరైనా వచ్చి పదమూడు గిద్దల బియ్యం కొలవమంటే ఇంట్లోని పెద్దమ్మ పదమూడుసార్లు గిద్ద ముంచదు. ఒక తవ్వ, ఒక సోల, ఒక గిద్ద పోస్తుంది. అరసోలను ముట్టుకోదు. వాడిన కొలతకు ఒకటి, వాడని కొలతకు సున్న వేసి పెద్ద కొలత నుంచి వరుసగా రాస్తే 1101 వస్తుంది. కంప్యూటర్ పదమూడును దాచుకునే తీరు అచ్చంగా ఇదే. బైనరీ అనే పేరు పెట్టి, అర్థం కాని ఇంగ్లీషులో బోర్డు మీద రాసేసరికి అదేదో బ్రహ్మవిద్య అనుకుని పిల్లలు హడలిపోతున్నారు.

పదహారు లెక్క కూడా అంతే. 1957లో నయాపైసలు వచ్చేదాకా రూపాయికి పదహారు అణాలు. బేడ, పావలా, అర్ధరూపాయి, రూపాయి అంటే రెండు, నాలుగు, ఎనిమిది, పదహారు. నాలుగు బిట్లను ఒక కట్టగా కట్టి పదహారు గుర్తులతో రాసుకునే హెక్సాడెసిమల్ పద్ధతిని, తాతగారు చిల్లర లెక్కపెట్టిన తీరుతో మొదలుపెట్టి ఒక గంటలో చెప్పవచ్చు.

ఇక అసెంబ్లీ భాష సంగతి. ఇంటెల్ కంపెనీ 1976లో తెచ్చిన 8085 అనే చిప్పును ఉదాహరణగా పెట్టి ఎన్నో ఏళ్ళుగా మన దగ్గర ఈ పాఠం చెబుతున్నారు. దాని మెమరీని అటక మీది డబ్బాల వరుస అనుకోవచ్చు. 65,536 డబ్బాలు, ప్రతిదానికీ ఒక నెంబరు. ఆ నెంబరే దాని చిరునామా. అయితే అటక మీద ఉన్న పప్పు అక్కడే నలగదు. రోట్లోకి రావాలి. కూడికలు, తీసివేతలు జరిగే ఆ చోటికి అక్యుములేటర్ అని పేరు. చేతికందేలా పక్కన పెట్టుకునే చిన్న గిన్నెల వంటివి మరో ఆరు రిజిస్టర్లు. అయిదును రోట్లో వేయి, మూడును పక్క గిన్నెలో పెట్టు, రెండూ కలుపు, వచ్చిన ఎనిమిదిని ఫలానా డబ్బాలో పోయి, పని ఆపు. ఇదే ఒక పూర్తి ప్రోగ్రాము. ఇందులో బి అనే గిన్నెలో ఉన్నదాన్ని కలపమనడానికి యాడ్ బి అని రాస్తారు. యంత్రానికి అందే అంకె మాత్రం 80, అదీ పదహారు లెక్కలో. ఆగమనడానికి 76. ఆ అంకెలు వేలితో నొక్కి, ఫలితం కళ్ళారా చూసుకున్న విద్యార్థికి జీవితంలో మరచిపోలేని పాఠం అవుతుంది.

కాని ఆ నొక్కే భాగ్యం ఎందరికి దక్కుతోంది? కొన్ని కళాశాలల లేబొరేటరీల్లో ఒక్కో కిట్టు చుట్టూ అరడజను మంది నిలబడతారు. ముందున్నవాడు నొక్కుతాడు, తక్కినవారు తొంగిచూస్తారు. ఆ తర్వాత పై తరగతివారి రికార్డు తెచ్చి అంకెలతో సహా కాపీ చేస్తారు. సంతకం పడుతుంది, మార్కులూ పడతాయి. ఈ రికార్డుల తతంగం చూస్తే, పని జరగకుండానే మస్టర్లు నింపే కాంట్రాక్టరు గుర్తుకు వస్తే తప్పుపట్టలేం. కిట్లు చాలవన్న సాకు కూడా ఈ రోజుల్లో చెల్లదు. 8085 లాగే నడిచే ఉచిత ప్రోగ్రాములు ఉన్నాయి. మామూలు కంప్యూటర్‌లో వాటిని పెట్టుకుంటే ఎన్ని తప్పులు చేసినా కాలిపోయేదేమీ లేదు.

తెలుగులో చెబితే ఈ చదువు పలచబడుతుందని వాదించేవారు సికింద్రాబాద్‌కు కూతవేటు దూరంలో ఉన్న ఉస్మానియా విశ్వవిద్యాలయం చరిత్ర చూడాలి. 1918లో మొదలైన ఆ విశ్వవిద్యాలయం బోధనా భాష ఉర్దూ. పుస్తకాల అనువాదానికి ప్రత్యేకంగా ఒక విభాగాన్నే నడిపారు. సైన్సు కూడా ఆ భాషలోనే చెప్పారు. తెలుగు బిడ్డలకు అప్పుడు ఉర్దూ ఎంత బరువో అది వేరే కథ. దేశభాషలో పై చదువులు చెప్పవచ్చునని మాత్రం ఈ గడ్డ మీదే నిరూపించారు. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ ఇంటర్‌కు, డిగ్రీకి ఎన్నో పాఠ్యపుస్తకాలు తెచ్చింది. 2021లో దేశంలోని 8 రాష్ట్రాల్లో 14 ఇంజనీరింగ్ కళాశాలలు అయిదు భారతీయ భాషల్లో బోధన ప్రారంభించేందుకు ముందుకు వచ్చాయి. వాటిలో తెలుగు ఒకటి.

కంప్యూటర్ తయారీయే ఈ ప్రాంతానికి కొత్త కాదు. భీమవరం దగ్గరి మోగల్లు గ్రామంలో పుట్టిన డాక్టర్ ఎ.ఎస్.రావు ఆధ్వర్యంలో 1967లో ఈసీఐఎల్ సంస్థ ఇక్కడ వెలిసింది. 1969 నాటి టీడీసీ-12 కంప్యూటర్ ఆ సంస్థదే. 12 బిట్ల యంత్రం అది. నేడు సికింద్రాబాద్‌లో బస్సెక్కి ఈసీఐఎల్ క్రాస్‌రోడ్డులో దిగే విద్యార్థుల్లో ఆ పేరు వెనుక ఇంత కథ ఉందని ఎందరికి తెలుసు? దక్షిణ మధ్య రైల్వే కేంద్రమైన సికింద్రాబాద్‌లోనే 1994లో కాన్సర్ట్ అనే కంప్యూటర్ రిజర్వేషన్ పద్ధతిని మొదటిసారి అమలు చేశారు. ఊరివాళ్ళు తిరుపతికి టికెట్ తీసుకున్నప్పుడల్లా ఆ కౌంటరు వెనుక నడిచినవీ ఈ కూడికలూ తీసివేతలే.

ఇప్పుడు ప్రోగ్రాములు కూడా యంత్రమే రాసి ఇస్తోంది, ఈ మట్టి పిసుకుడు ఎందుకని అడిగేవారు ఉన్నారు. చదువు రాక ఎవరో రాసిన దస్తావేజు మీద వేలిముద్ర వేసి భూములు పోగొట్టుకున్న కుటుంబాలు ప్రతి ఊళ్ళోనూ ఉంటాయి. యంత్రం రాసిన దానిలో తప్పు పట్టాలంటే లోపలి పని తెలిసి తీరాలి. అమీర్‌పేటలో మూడు నెలల కోర్సుకు వేలు పోసినా ఈ పునాది అక్కడ దొరకదు. ఆ కోర్సులన్నీ దీని మీద కట్టే పైఅంతస్తులు.

8085 పాతబడిపోయిందన్న మాట మాత్రం కొంత నిజం. నాగలి పట్టడం వచ్చినవాడు ట్రాక్టరు చాలు చూసి లోతు చెప్పగలడు గనుక, దానితో మొదలుపెట్టడంలో తప్పులేదు. అక్కడే ఆగిపోవడం తప్పు. 2010లో అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో పుట్టిన రిస్క్-ఫైవ్ పద్ధతిని ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. మద్రాసు ఐఐటీ వారు శక్తి ప్రాసెసర్లను దాని ఆధారంగానే రూపొందించారు. మన పాఠ్యప్రణాళికలు అక్కడిదాకా పోవాలి.

ఉద్యోగానికి ఇంగ్లీషు కావాలి, కాదనేవారు లేరు. రిజిస్టర్‌ను రిజిస్టర్ అనే అనాలి. రేషను దుకాణంలో, పంచాయతీ ఆఫీసులో రోజూ వింటున్న మాటకు నోరు తిరగని సంస్కృత పదం కట్టి పిల్లలను మరింత బాధపెట్టవద్దు. పేరు ఇంగ్లీషులో ఉన్నా వివరణ తెలుగులో సాగాలి, పరీక్షలో తెలుగులో రాసుకునే వీలు ఉండాలి. టీ-శాట్ చానెళ్ళు పోటీ పరీక్షల పాఠాలను తెలుగులో ఊరూరికీ చేరుస్తున్నాయి. ఈ ఒక్క పేపరుకు వారానికి రెండు పాఠాలు వేస్తే ఖర్చు ఎంతవుతుంది? విశ్వవిద్యాలయాల అధికారులు దీనిపై దృష్టి సారించాలి.

అడ్మిషన్ల కాలంలో తల్లిదండ్రులు కళాశాల భవనం చూస్తారు, బస్సు చూస్తారు, హాస్టలులో చారు రుచి కూడా చూస్తారు. లేబొరేటరీ గది తలుపు తీయించి, ఒక్కో కిట్టుకు ఎందరు విద్యార్థులని, తమ బిడ్డ స్వయంగా వారానికి ఎన్ని గంటలు దాని ముందు కూర్చుంటుందని అడిగినవారు అరుదు. ఫీజు కట్టకముందే అడగాలి. జవాబుగా బీరువాలోని రికార్డు పుస్తకాల దొంతరలు చూపిస్తే, మరో కళాశాలకు వెళ్ళే బస్సు ఎన్నింటికో కనుక్కోవడం మంచిది.