డిస్కు తప్పా, దారి తప్పా?

ఈ నెల ఉత్తరం బోరిగుమ్మ నుంచి. మిల్లులో రిటైరైన ఒక అన్నయ్య రాశారు. కూతురి పెళ్ళి వీడియోలు, ఫొటోలు అన్నీ కలిపి 100 జీబీ దాకా ఒక బయటి హార్డ్‌డిస్కులో ఉన్నాయట. ఇంట్లో పాత కంప్యూటర్లోకి ఎక్కిస్తే ముప్పావు గంట పైనే పట్టింది. పండక్కి వచ్చిన అల్లుడి లాప్‌టాప్‌లో అదే డిస్కు పదిహేడు నిమిషాల్లో పని కానిచ్చేసింది. బజార్లో చూపిస్తే "డిస్కు పోతోంది, కొత్తది కొనుక్కోండి" అన్నారట. కొనాలా?

కొనకండి అన్నయ్యా. డిస్కే పోతుంటే అల్లుడి దగ్గర మాత్రం ఎలా పరుగెడుతుంది? తేడా డిస్కులో లేదు, దారిలో ఉంది.

మీ ఊరి కూడలే చూడండి. నవరంగపూర్ నుంచి ఒక రోడ్డు, జగదల్‌పూర్ నుంచి ఒక రోడ్డు వచ్చి బోరిగుమ్మ దగ్గర కలుస్తాయి. జయపురం వైపు పోయే లారీలన్నీ అక్కణ్ణుంచి ఒకే రోడ్డు ఎక్కాలి. లారీకి ఎంత మంచి ఇంజనున్నా రోడ్డు ఇరుకైతే ఏం లాభం? కంప్యూటర్లో ఒక భాగం నుంచి ఇంకో భాగానికి సమాచారం పోయే దారిని కూడా 'బస్' అనే అంటారు. మనం ఎక్కే బస్సు, ఈ బస్ ఒకే మాటలోంచి పుట్టాయి. 'అందరికీ' అని అర్థమిచ్చే లాటిన్ మాట అది. అందరూ ఎక్కేదన్నమాట, ఇరుకూ అందుకే.

ఇప్పుడు లెక్క చూద్దాం. పాత కంప్యూటర్లలో ఉండేది యూఎస్‌బీ 2.0. అది 2000లో వచ్చింది. దాని వేగం 480 అని రాస్తారు. కానీ అవి మెగాబిట్లు. ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైటు, కాబట్టి ఎనిమిదితో భాగించాలి. 60 మెగాబైట్లు వస్తాయి. అదీ కాగితం మీద. నిజంగా చేతికొచ్చేది సెకనుకు 30, 40. (పెద్ద అంకె కనబడాలని బిట్లలో చెబుతారని నా అనుమానం.) 35 చొప్పున 100 జీబీకి నలభై ఎనిమిది నిమిషాలు. 2008లో వచ్చిన యూఎస్‌బీ 3.0 దీనికి పదింతల దారి. అక్కడ అడ్డు డిస్కే. మామూలు బయటి డిస్కు సెకనుకు 100 మెగాబైట్ల దాకా ఇస్తుంది. అంటే పదిహేడు నిమిషాలు. మీ ఇంటి లెక్క, అల్లుడి లెక్క రెండూ తేలిపోయాయి.

దారి ఇరుకు కావడమొక్కటే కాదు, పంచుకోవడం కూడా ఉంది. పాత మదర్‌బోర్డుల్లో పీసీఐ అనే బస్ సెకనుకు 133 మెగాబైట్లు మోసేది. దానిమీద ఎన్ని కార్డులుంటే అన్నీ అందులోనే సర్దుకోవాలి. అప్పట్లో లోపలి డిస్కులకు రిబ్బన్‌లాంటి వెడల్పు కేబులుండేది. రెండు డిస్కులు దాని మీదే. పదహారు తీగల మీద పదహారు బిట్లు వరస కట్టి ఒకేసారి చేరాలి. వేగం పెంచేకొద్దీ ఒకటి ముందు, ఒకటి వెనక అయి వరస చెడేది. పక్కపక్క తీగల గోల కూడా ఒకదాంట్లోకి ఒకటి దూరేది. అందుకే తీగల్ని 40 నుంచి 80 చేసి, ప్రతి తీగ పక్కనా ఒక ఎర్త్ తీగ పెట్టారు. చివరికి ఆ పద్ధతే వదిలేసి, 2003లో సాటా అనే సన్న కేబుల్ తెచ్చారు. బిట్లు ఒకదాని వెనక ఒకటి పోతాయి, ఒక్కో డిస్కుకు సొంత దారి. సన్నదే వేగంగా పోయింది!

ఇక మీరు చేయవలసింది. కంప్యూటర్ వెనక నీలం రంగు నాలుక ఉన్న యూఎస్‌బీ సాకెట్టు ఉందేమో చూడండి. చాలావాటిలో 3.0కి అదే గుర్తు. ఉంటే డిస్కు అందులో పెట్టండి. హబ్ మధ్యలో వద్దు, పెన్‌డ్రైవ్‌లు కూడా అదే దారి పంచుకుంటాయి. డిస్కుతో వచ్చిన వెడల్పు మూతి కేబులే వాడండి. పాత ఫోను కేబులూ అందులో పడుతుంది, పనీ చేస్తుంది, కానీ పాత వేగంతోనే. నీలం సాకెట్టు లేకపోతే, లోపల పీసీఐ ఎక్స్‌ప్రెస్ ఖాళీ ఉందా అని అడిగి ఒక యూఎస్‌బీ 3.0 కార్డు వేయించుకోండి. కొత్త డిస్కు కన్నా చాలా చవక.

ఒక్కటి మాత్రం. డిస్కులోంచి టకటకమని చప్పుడొస్తున్నా, ఫైళ్ళు తెరుచుకోకపోయినా అది దారి సంగతి కాదు. అప్పుడు వేగం సంగతి పక్కన పెట్టి, ముందు పెళ్ళి వీడియో ఇంకోచోటికి ఎక్కించండి, అది అల్లుడి లాప్‌టాప్ అయినా సరే.