పీట్ పొలాల్లో నీరు ఎంత లోతున ఉండాలి?

పదో తరగతి భూగోళంలో బొగ్గు రకాలు చదివేటప్పుడు పీట్ అన్న మాట ఒకటి రెండు వాక్యాల్లో వచ్చి పోతుంది. చిత్తడిలో మొక్కలు కుళ్లి ఏర్పడేది, తేమ ఎక్కువ, వేడి తక్కువ అని రాసుకుని లిగ్నైట్‌కు వెళ్లిపోతాం. పరీక్షకు అది చాలు. కానీ ఉత్తర ఐరోపాలో ఆ పీట్ మీదే రైతులు పశువులను మేపుతున్నారు, కూరగాయలు పండిస్తున్నారు. ఆ పొలాల్లో నీరు ఎంత లోతున ఉండాలన్న తగువు మనకూ సంబంధించిందేనని మా అభిప్రాయం. మనుషుల వల్ల వెలువడే హరితగృహ వాయువుల్లో సుమారు 4 శాతం, నీరు తీసేసిన పీట్ నేలల నుంచే వస్తోంది.

నీటిలో మునిగిన చోట గాలి అందదు. గాలి అందకపోతే చచ్చిన నాచూ గడ్డీ పూర్తిగా కుళ్లవు, పొర మీద పొరగా పేరుకుంటాయి. ఏడాదికి సుమారు ఒక మిల్లీమీటరు. మీటరు మందం పేరుకోవాలంటే వెయ్యేళ్లు! ప్రపంచ భూభాగంలో పీట్ నేలలు 3 శాతమే అయినా, వాటిలో దాగిన కర్బనం అడవుల్లోని చెట్లన్నిటిలో ఉన్నదానికంటే ఎక్కువ.

అక్కడ సేద్యం చేయాలంటే ముందు నీళ్లు తీయాలి. నెదర్లాండ్స్‌లో గాలిమరలతో తోడారు, తర్వాత ఆవిరి యంత్రాలతో, ఇప్పుడు మోటార్లతో తోడుతున్నారు. నీరు దిగగానే గాలి లోపలికి చేరి, ఆగి ఉన్న కుళ్లు మొదలవుతుంది. కర్బనం కార్బన్ డయాక్సైడ్ అయి ఎగిరిపోతుంది, నేల కుంగుతుంది. కుంగిన నేలకు నీరు మళ్లీ దగ్గరవుతుంది కాబట్టి ఇంకా లోతుకు తోడతారు. నేల ఇంకా కుంగుతుంది. ఇంగ్లండ్‌లోని హోమ్ ఫెన్‌లో, పక్కనున్న పెద్ద చెరువును ఎండగట్టిన 1850ల తొలినాళ్లలో, ఒక ఇనుప స్తంభాన్ని పై కొన నేలకు సమంగా ఉండేట్టు పాతారు. ఇవాళ అది సుమారు 4 మీటర్లు బయటికి నిలబడి ఉంది. స్తంభమేమీ పెరగలేదు. మనకు బదిలీ వస్తే క్వార్టరు తాళంచెవి అప్పజెప్పి ఊరు మారతాం. ఆ రైతు ఉన్నచోటే ఉంటాడు, ఆయన నేలే కిందికి బదిలీ అవుతోంది.

అయితే నీళ్లు మళ్లీ నింపేస్తే సరిపోదా? నేల పైదాకా నీరు నిలిస్తే మీథేన్ వస్తుంది. వరి మడి ఎరిగిన తెలుగువాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. మడిని మధ్యమధ్య ఆరనివ్వమని శాస్త్రవేత్తలు చెప్పడానికి ఈ మీథేన్ కూడా ఒక కారణం. ఇక్కడ నీరు తగ్గించమంటారు, అక్కడ పెంచమంటారు! రెండూ సరైనవే. మన మడి అడుగున మీటర్ల కొద్దీ పీట్ లేదు కదా.

బ్రిటన్‌లో క్రిస్ ఎవాన్స్ బృందం 2021లో నేచర్ పత్రికలో ఒక లెక్క ప్రచురించింది. నీటిమట్టాన్ని ప్రతి 10 సెంటీమీటర్లు పైకి తెస్తే, హెక్టారుకు ఏటా కనీసం 3 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కు సమానమైన వేడి తగ్గుతుంది. నీరు నేలకు 30 సెంటీమీటర్ల దగ్గరికి, అంటే మన స్కేలు పొడవంత దగ్గరికి వచ్చేదాకా ఈ లెక్క నిలుస్తుంది. అందుకే 'సేద్యమా, చిత్తడా' అన్న వాదన మాకు సరిగా తోచడం లేదు. మీటరు లోతున ఉన్న నీటిని అరమీటరుకు తెచ్చినా ఏటా హెక్టారుకు 15 టన్నులు ఆగినట్టే. పశువుల గడ్డి అప్పుడూ పెరుగుతుంది. ఇంకా పైకి తెచ్చిన చోట జర్మనీలో జమ్ము పెంచి, ఇళ్ల గోడలకు చలి ఆపే పలకలు చేసి చూస్తున్నారు. కొల్లేరు వైపు వాళ్లకు జమ్ము బాగా తెలుసు. కానీ ఆ పలకలు కొనేవాళ్లు ఉంటేనే రైతు జమ్ము వేస్తాడు.

పైగా ఒక్క రైతు అనుకుంటే నీరు పెరగదు, కాలువ అందరిదీ. ఒకరు నీరు నిలిపితే పక్కవారి బంగాళదుంప కుళ్లుతుంది. నెదర్లాండ్స్‌లో మట్టాన్ని నీటి బోర్డులు నిర్ణయిస్తాయి. వాటిలో కొన్ని 13వ శతాబ్దం నాటివి. ట్రాక్టరు దిగబడకుండా నీరు దించమని రైతులు అడుగుతారు. పాత ఇళ్లవాళ్లు దించొద్దంటారు, ఎందుకంటే పునాదుల కింది కర్ర దుంగలు గాలి తగిలితే పుచ్చిపోతాయి.

ఖర్చు ఎవరిది? తిండిగింజల కోసం ఈ నేలల్ని ఎండగట్టమని ఒకప్పుడు చాలా దేశాల్లో ప్రభుత్వాలే డబ్బిచ్చి ప్రోత్సహించాయి. ఇప్పుడు నష్టమంతా రైతు మీదికి నెట్టడం న్యాయం కాదు. తగ్గిన దిగుబడికి ఒక్కసారి కాదు, ఏటా చెల్లించాలి. వేసవిలో మట్టం నిలవాలంటే చలికాలపు వాన నీటిని కాలువల్లోనే ఆపుకోవాలి, అందుకు షట్టర్లు కట్టాలి. ఆ ఖర్చు ప్రభుత్వం పెట్టాలి. షట్టరు ఎప్పుడు ఎత్తాలో, ఎప్పుడు దించాలో మాత్రం ఆ కాలువ కింది రైతులు బోర్డులో కూర్చుని తేల్చుకోవాలి.