ఇద్దరు దిద్దినా జాబితా ఒక్కటే!

రెండుకు మూడు కలిపినా, మూడుకు రెండు కలిపినా అయిదే. బడిలో చదివి వదిలేసిన ఈ సూత్రానికి ఇప్పుడు ఫోన్లలో పెద్ద పనే పడింది.

ఇంటి సరుకుల జాబితాను భార్యాభర్తలు ఎవరి ఫోన్లో వాళ్లు చూసుకుంటున్నారనుకోండి. వరసగా బియ్యం, కందిపప్పు, నూనె, చింతపండు ఉన్నాయి. ఆయన బియ్యం కొనేసి 'ఒకటోది తీసెయ్' అన్నారు. సరిగ్గా అప్పుడే ఆమె, పప్పు ఇంట్లో ఉందని 'రెండోది తీసెయ్' అన్నారు. ఆమె ఫోన్లో పప్పు, ఆ తర్వాత బియ్యం పోయాయి. నూనె, చింతపండు మిగిలాయి. ఆయన ఫోన్లో బియ్యం ముందే పోయింది కాబట్టి రెండోది అంటే నూనె! అది కాస్తా ఎగిరిపోయి పప్పు, చింతపండు మిగిలాయి.

దీనికి రెండు మందులున్నాయి. అవతలి మార్పు అందగానే వరస సంఖ్యను సర్దుకోవడం ఒకటి. ఎల్లిస్, గిబ్స్ అనే పరిశోధకులు 1989లో చెప్పిన పద్ధతి ఇది. గూగుల్ డాక్స్‌ది ఈ దారే. సంఖ్యతో పని లేకుండా ప్రతి వస్తువుకూ మారని గుర్తు ఇచ్చి, దానితోనే పిలవడం రెండోది. ఈ రెండో దారికి మార్క్ షపీరో, మరో ముగ్గురు 2011లో 'సీఆర్‌డీటీ' పేరుతో గట్టి పునాది వేశారు.

అందులో షరతులు మూడు. మార్పులు ఏ వరసలో వచ్చినా (స్థిత్యంతర ధర్మం), ముందు ఏ రెంటిని కలిపినా (సహచర ధర్మం), ఒకటే రెండుసార్లు అందినా ఫలితం మారకూడదు. కూడిక ఈ మూడోదాంట్లో తప్పుతుంది. 'ఒకటి కలుపు' అన్న సందేశం రెండుసార్లు అందితే రెండు కలుస్తాయి మరి! 'పెద్దది ఉంచు' మాత్రం నెగ్గుతుంది. 5, 7లలో పెద్దది ఎన్నిసార్లు తీసినా 7 కదా. అందుకే ఇలాంటి లెక్కల్లో ఒక్కో ఫోనూ తన అంకెను విడిగా ఉంచుకుంటుంది. కలిపేటప్పుడు ఒక్కోదానికీ పెద్ద అంకెనే తీసుకుని, చివర్లో కూడితే సరి.

సూత్రాలు పాటిస్తే చాలా? అమెజాన్ తన 'డైనమో' వ్యవస్థ గురించి 2007లో రాసిన పత్రంలో ఓ చిక్కు చెప్పింది. కొనుగోలు బుట్టలను కలిపితే వేసిన వస్తువు పోదు, కానీ తీసేసింది మళ్లీ ప్రత్యక్షం కావచ్చు. రెండు బుట్టల్లోనివీ ఒకచోట చేర్చడం మూడు షరతులకూ లోబడిందే. అందరికీ ఒకే బుట్ట కనిపిస్తుంది, వద్దన్న వస్తువుతో సహా!

అందరి తెరపైనా ఒకే జవాబు ఉంటుందన్నంత వరకే బీజగణితం హామీ. ఒకరు తీసేస్తున్న క్షణంలోనే మరొకరు అదే వేస్తే ఎవరి మాట నెగ్గాలో ప్రోగ్రాం రాసేవాళ్లు ముందే తేల్చాలి. నూనె కావాలో వద్దో మాత్రం ఇంట్లోవాళ్లే తేల్చుకోవాలి.