తీరంలో వలకే మొదటి దారి: ఒక తీర్మానం

విశాఖపట్నం నుంచి భీమిలి వరకు ఉన్న తీరంలో స్కూబా డైవింగ్ చేసేవారు, నేర్పేవారు, పరికరాలు అద్దెకిచ్చేవారు కలిసి ఏర్పరచుకున్న సంఘం తన సర్వసభ్య సమావేశంలో చర్చించి ఏకగ్రీవంగా ఆమోదించిన తీర్మానం ఇది.

రుషికొండ, మంగమారిపేట, భీమిలి తీరాలు ఏ ఒక్కరి సొత్తూ కానందున, వాటిని నిత్యం వాడుకునేవారిలో డైవర్లు అందరికంటే వెనక వచ్చినవారైనందున, ఒక్కొక్క డైవరు వెంట సిలిండరు, బరువుల బెల్టు, ఫిన్స్, తడి సూటు, పెట్టె వచ్చి పదిమంది దిగేసరికి ఒడ్డున చాలా జాగా పోతున్నందున, ఇరుగుపొరుగుతో మెలగవలసిన తీరును తామే రాసుకుని తామే పాటించాలని ఈ సభ నిశ్చయించినది. ఇందులోని నియమాలు సంఘ సభ్యులకే వర్తిస్తాయి. మత్స్యకారుల నుంచి గాని, స్నానానికి వచ్చేవారి నుంచి గాని, నగరపాలక సంస్థ నుంచి గాని ఈ సభ ఏమీ కోరడం లేదు. డైవర్లకు విడిగా ఒడ్డు కేటాయించమని అడుగుదామన్న సూచనను సభ తోసిపుచ్చినది. నలుగురూ తిరిగే ఇసుకలో తాడు కట్టి ఇది మాదని చెప్పుకోవడం ఈ సంఘానికి తగదు.

మొదటి మాట వల గురించి. అలివి వల లాగడం చూసినవారికి విడమరచి చెప్పనక్కర్లేదు గాని, కొత్తగా చేరే సభ్యుల కోసం ఇక్కడ నమోదు చేయడమైనది. పడవ ఒక తాడు కొసను ఒడ్డున వదిలి, వలను వంపుగా నీళ్లలో దించుకుంటూ తిరిగొచ్చి, రెండో కొసను కాస్త ఎడంగా ఒడ్డుకు అందిస్తుంది. రెండు జట్లు రెండు కొసలూ పట్టుకుని, మడమలు ఇసుకలో తొక్కిపెట్టి, ఒకే ఊపున వెనక్కి నడుస్తూ లాగుతాయి. లాగే కొద్దీ జట్లు ఒకదానికొకటి దగ్గరవుతాయి. చేప ఉన్న సంచి ఒడ్డుకు చేరేది అన్నిటికంటే చివర. అంతసేపు పడిన కష్టానికి ఫలితం ఆ కాసేపట్లోనే తేలుతుంది. సరిగ్గా అప్పుడు రెండు తాళ్ల మధ్య బుడగలు వదులుతూ ఒక మనిషి పైకి తేలితే చేప చెదిరిపోతుంది. ఆ పూట పాలు పంచుకోవలసిన కుటుంబాలన్నీ నష్టపోతాయి.

కాబట్టి అలివి వల నీళ్లలో ఉన్నంతసేపు ఆ మేరలో సభ్యులెవరూ దిగరాదు. ఎంత దూరం నుంచి వచ్చినా, ముందే డబ్బు కట్టిన పర్యాటకులు వెంట ఉన్నా, వల ఒడ్డెక్కే దాకా ఆగాలి. తెల్లవారుజామున గాలి తక్కువగా, నీరు నిలకడగా ఉండే వేళ వల లాగేవారికీ కావాలి, మనకూ కావాలి. అందుకే ఈ నియమంలో మినహాయింపు వద్దని సభ గట్టిగా అభిప్రాయపడినది.

రాత్రి వేసి తెల్లవారి తీసే వలలకు పైన తేలే బెండ్లే గుర్తు. బెండ్లు కనిపించిన చోట దిగరాదు. అడుగున వల తగులుకుంటే ఓపికగా విడిపించుకోవాలే తప్ప, ప్రాణానికి ముప్పు వస్తే గాని కత్తి తీయరాదు. కోయక తప్పనప్పుడు ఆ పూటే వల యజమాని ఎవరో కనుక్కుని, జరిగింది చెప్పి, నష్టం చెల్లించాలి. ఎవరూ చూడలేదు గదా అని వెళ్లిపోవడాన్ని ఈ సభ దొంగతనంగానే పరిగణిస్తుంది.

అడుగున రాళ్లకు పట్టుకుని ఉన్న పాత వలలను తీసే పని డైవర్లు ఇష్టంగా చేస్తారు. చేపలు, తాబేళ్లు వాటిలో చిక్కి చస్తాయి కనుక అది మంచి పనే. అయితే రాళ్లకు చిక్కిన వలలన్నీ యజమాని వదిలేసినవి కావు. గాలివాటానికి కొట్టుకుపోయిన వల కోసం వెతుక్కుంటున్నవాడు మత్స్యకారుల పేటలో ఉండవచ్చు. అందువల్ల పేట పెద్దలను అడిగి, వీలైతే వారిలో ఒకరిని పడవలో వెంటబెట్టుకుని మాత్రమే వలలు తీయాలి. తీసినదాన్ని ముందు వారికి చూపాలి. ఫొటోలు ఆ తర్వాత.

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరబోట్లకు, మోటారు పడవలకు వేట నిషేధం. ఆ రోజుల్లో సముద్రమంతా మనదేననుకోవడం తప్పు. మోటారు లేని తెప్పలు అప్పుడూ వేటకు వెళతాయి. మిగిలిన పడవలు ఒడ్డెక్కి మరమ్మతుకు నిలుస్తాయి, వలలు ఇసుక మీద పరుచుకుని అల్లకం సాగుతుంది. అంటే ఆ రెండు నెలలూ ఒడ్డున జాగా తగ్గుతుంది. వాహనాలను రోడ్డు మీదే ఆపి పరికరాలను మోసుకుని రావాలి. నెత్తళ్లు ఎండబెట్టిన చోట తడి సూట్లు, సిలిండర్లు దించరాదు. ఎండిన చేప మీద ఉప్పునీళ్లు కారితే అమ్ముకునే ఆడవాళ్ల సరుకు పాడైనట్టే. వాళ్లు ఊరుకున్నా, ఏమీ అనకపోయినా, నష్టం నష్టమే.

నీళ్లలో డైవరున్నాడని తెలిపే జెండాలు రెండు. ఎర్ర గుడ్డ మీద ఏటవాలుగా తెల్ల చార ఉన్నది ఒకటి. తెలుపు, నీలం రంగుల్లో చివర చీలి ఉండే అంతర్జాతీయ సంకేత జెండా రెండోది. నీటి మీద తేలే బోయాకు మొదటిదాన్ని, పడవ ఉంటే దానికి రెండోదాన్ని తప్పక కట్టాలి. ఆ గుర్తు అర్థం తెలియని మనిషి తన దారిన తాను ఇంజను నడుపుకుంటూ వస్తే తప్పు అతనిది కాదు. పేటల్లోకి వెళ్లి జెండాలు చూపించి చెప్పడం, పడవలు వచ్చిపోయే దారులేవో వారినే అడిగి తెలుసుకుని ఆ దారుల్లో డైవింగ్ పెట్టకుండా చూడడం శిక్షకుల బాధ్యత.

కంప్రెసరును ఒడ్డుకు తేరాదు. ఒక సిలిండరులో 200 బార్ల ఒత్తిడికి గాలి నింపేదాకా ఆ ఇంజను మోతకు పక్కనున్నవారు మాట కూడా వినలేరు. పైగా గాలి తిరిగి ఇంజను పొగ కంప్రెసరు వైపు వస్తే అందులోని విషవాయువు సిలిండరులోకి వెళ్లి డైవరు ప్రాణానికే ముప్పు తెస్తుంది. దుకాణంలో నింపి తెచ్చుకోవడం అందరికీ క్షేమం. అలాగే రెగ్యులేటర్లు, సూట్లు కడగడానికి ఒడ్డున ఉన్న కుళాయిలు వాడరాదు. ఆదివారం సాయంత్రం పిల్లల ఒంటి మీది ఇసుక కడుగుదామని తల్లులు అక్కడ వరసలో నిలబడి ఉంటారు. డబ్బాల్లో నీళ్లు తెచ్చుకోవాలి, లేదా ఇంటికి వెళ్లి కడుక్కోవాలి. బట్టలు మార్చుకోవడం మరుగున జరగాలి, దీనికి వివరణ అవసరం లేదు.

2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు పొందిన రుషికొండకు వచ్చేవారిలో ఈత రానివారే ఎక్కువ. అల తిరిగి వెళ్లేటప్పుడు లోపలికి లాక్కుపోయే ప్రవాహం అక్కడ ప్రాణాలు తీసిన సందర్భాలున్నాయి. పరికరాలు తగిలించుకున్న మనిషి ధీమాగా లోతుకు నడిచి వెళుతుంటే, చూస్తున్న కుర్రాళ్లకూ వెంట వెళ్లాలనిపిస్తుంది. స్నానాలు చేసే చోటికి దూరంగా, లైఫ్‌గార్డుకు చెప్పి మాత్రమే దిగాలి. ఎవరైనా మునుగుతున్నారని తెలిస్తే డైవింగ్ ఆపి లైఫ్‌గార్డు చెప్పిన పని చేయాలి. సభ్యులందరూ ప్రథమ చికిత్స నేర్చుకుని ఉండాలి. 108కి, తీర రక్షక దళం నంబరు 1554కి ఫోన్ చేయడం ఎవరి పనో దిగకముందే అనుకోవాలి.

జనవరి నుంచి వేసవి దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టి, పిల్లలు బయటికి వచ్చే కాలం. పిల్లలు వెలుతురు వైపు నడుస్తాయి. రాత్రి డైవింగ్‌కు వెళ్లేవారు నీళ్లలోకి దిగేదాకా టార్చి వెలిగించరాదు. పగడాలు, సముద్రపు గుర్రాలు, సముద్ర దోసకాయలు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ పొందినవి. వాటిని ముట్టరాదు. అందంగా ఉందని గవ్వను పైకి తెచ్చి ఇవ్వమని పర్యాటకులు అడిగినా తేరాదు.

నియమం తప్పిన సభ్యుడు, సంఘం ప్రతినిధిని పంపి ఊరుకోకుండా, తానే వెళ్లి నష్టపోయినవారిని కలిసి క్షమాపణ చెప్పి నష్టం కట్టాలి. రెండోసారి తప్పితే ఏడాది పాటు ఈ సంఘంలోని ఏ దుకాణమూ ఆ వ్యక్తికి సిలిండరు ఇవ్వరాదు, ఏ పడవా ఎక్కించుకోరాదు.

ఈ తీర్మానాన్ని తెలుగులో అచ్చు వేయించి, రుషికొండ లైఫ్‌గార్డులకు, మంగమారిపేట, భీమిలి మత్స్యకార పెద్దలకు సభ్యులే స్వయంగా అందజేయాలి. చదవడం రానివారికి చదివి వినిపించాలి. వారు చెప్పే సవరణలను వచ్చే సమావేశంలో అన్నిటికంటే ముందుగా చర్చకు తీసుకోవాలి. తీర్మానం ఈ రోజు నుంచే అమలులోకి వస్తుంది.