మొద్దుబారుట మానుట కాదు

"లోకమంతా చేస్తోంది పెదనాయనా, మీరే ఇంకా వెనకబడి ఉన్నారు" అని మా తమ్ముని కుమారుడు గడచిన ఆదివారమునాడు మేల్పాడిలో మా యింటి అరుగుమీద కూర్చుండి నాతో అనెను. అతడు చెన్నపట్టణమున కంప్యూటరు ఉద్యోగము చేయుచున్నవాడు, బుద్ధిమంతుడు, పెద్దలయెడ గౌరవము కలవాడు. కావున అతనిమీద నాకు కోపము లేదు. నా కోపమంతయు అతని నోట ఆ మాటను పెట్టిన వ్యాపారముమీద. మూడు నిమిషములపాటు గడ్డకట్టించు గాలిలో నిలువబడినచో కీళ్లనొప్పులు, నడుమునొప్పి, నిద్రలేమి, దిగులు, స్థూలకాయము, తుదకు ముదిమియు తొలగిపోవునని చాటుచు, నొప్పితో నలుగుచున్న మనుష్యుల ఆశను రొక్కముగా మార్చుకొనుచున్న శీతవైద్యముమీద. లోకమంతా చేయుచున్నదనుట ప్రమాణము కాదు. లోకమంతా పొగాకు కాల్చిన కాలమొకటి ఉండెను. అంతమాత్రమున పొగాకు ఔషధము కాలేదు.

ఆ వైద్యమున జరుగునదేమో ముందుగా చెప్పవలెను, ఏలయనగా దానికి పోవువారిలో పలువురికి అది తెలియదు. యంత్రములు రెండు విధములు. ఒకటి విద్యుత్తుచే చల్లబరచిన గది. ముందుగదిలో సున్నకు దిగువ 60 డిగ్రీలు, లోపలిగదిలో 110 డిగ్రీల చలి యుండును. రెండవది నిలువుపీపా వంటిది. శిరస్సు మాత్రము పైకి కనబడుచుండగా మెడ క్రింది శరీరమును ద్రవనత్రజని ఆవిరి చుట్టుముట్టును. ఆ ద్రవము సున్నకు దిగువ 196 డిగ్రీలవద్దనే మరుగును. లోనికి పోవువారు నగలు తీసి, చెమట తుడుచుకొని, పొడిగానున్న మేజోళ్లును చేతితొడుగులును ధరించి, రెండు మూడు నిమిషములు నిలువవలెను. మొదట చర్మమును సూదులతో పొడిచినట్లుండును, పిదప మంట, ఆపైన పిక్కలును తొడలును తమవి కానట్లు తోచును. చర్మమందలి రక్తనాళములు ముడుచుకొని రక్తము లోపలికి మళ్లును. ఆపద వచ్చినదని తలచిన శరీరము నారడ్రినలిన్ అను స్రావమును రక్తములోనికి విడుచును. వెలుపలికి వచ్చినంతనే నాళములు విచ్చుకొని, ఒళ్లంతయు వెచ్చబడి, మనస్సు తేటపడినట్లును నొప్పి పోయినట్లును ఉండును. ఆ హాయి నిజమే, నేను కాదనను. దానికి వైద్యమని పేరు పెట్టుటయే అసత్యము.

దీని పుట్టుక వేరు. జపాను దేశమున తోషిమా యమౌచి అను వైద్యుడు 1978 ప్రాంతమున కీళ్లవాతరోగులకు దీనిని వాడెను. ఆయన రోగిని చలిగదిలో నిలిపి, సొమ్ము పుచ్చుకొని, యింటికి పంపినవాడు కాడు. చలిచేత నొప్పి అణగియున్న ఆ కొలదిసేపటిలో, బిగిసిపోయిన కీళ్లను కదలించి వ్యాయామము చేయించెను. తరువాత జర్మనీ దేశపు వైద్యులును అట్లే చేసిరి. వారికి చలి వాకిలి మాత్రమే. లోపలి యిల్లు వ్యాయామము. మన వ్యాపారులు ఇంటిని విడిచి వాకిలిని అమ్ముచున్నారు. వ్యాయామమునకు నెలలు కావలెను, ఓర్పు కావలెను, పక్కన కూర్చుండి చేయించు మనిషి కావలెను. అవి మూడు నిమిషములలో అమ్ముడుపోవునవి కావు.

శాస్త్రము ఒప్పుకొన్నదందురు. ఏ శాస్త్రము? 2015లో కాక్రేన్ సంస్థవారు ఉన్న ప్రయోగములను జల్లెడపట్టగా, వ్యాయామానంతరము కలుగు కండరముల నొప్పినిగూర్చి నాలుగు ప్రయోగములును, వానిలో 64 మంది మనుష్యులును మిగిలిరి. వారిలో నలుగురు తప్ప అందరును పురుషులు, వయసులోనున్నవారు, శ్రమకు అలవడినవారు. అంతటి స్వల్పసామగ్రితో ఉపయోగమున్నదని చెప్పజాలమని ఆ పరిశీలకులే వ్రాసిరి. 2016లో అమెరికాదేశపు ఆహార ఔషధ నియంత్రణసంస్థ, ఏ రోగచికిత్సకును ఈ యంత్రములలో ఒక్కదానికైనను తాము అనుమతి ఈయలేదని బహిరంగముగా ప్రకటించెను. కొవ్వు కరగును, చర్మము మెరయును అను మాటలకు బదులు చెప్పుటకు నేను కాగితము వ్యర్థపరుపను.

అసలు మాటకు వత్తును. వేలూరు మండలమువారమైన మనము ఈ మాయకు లోబడుట నాకు మరింత దుఃఖకరము. ఏలయన నొప్పి లేకపోవుట ఎంత భయంకరమో లోకమునకు నేర్పిన ఊరు మనదే. 1900లో ఐడా స్కడర్ దొరసాని ఒక్క మంచముతో ప్రారంభించిన వైద్యశాల సి.ఎం.సి.గా పెరిగిన పిదప, 1946లో పాల్ బ్రాండ్ అను శస్త్రవైద్యుడు అక్కడికి వచ్చెను. అప్పటికి లోకములోని వైద్యులందరును కుష్ఠురోగమున వ్రేళ్లు కుళ్లి రాలిపోవునని నమ్మియుండిరి. లోకమంతా నమ్మినది, గమనింపుడు! బ్రాండ్ ఆ వ్రేళ్లను పరిశీలించి, మాంసములో కుళ్లు లేదనియు, నరము చచ్చుటచేత నొప్పి తెలియకపోవుటయే సమస్త వినాశమునకును మూలమనియు కనుగొనెను. ఒకనాడు తుప్పుపట్టిన తాళమును తాను ఎంత బలముతో తిప్పినను రాకపోగా, బక్కచిక్కిన పిల్లవాడొకడు ముందుకు వచ్చి అవలీలగా తాళపుచెవిని తిప్పెను. నేలమీద నెత్తురు బొట్లు పడుట చూచి ఆ పిల్లవాని చేయి పట్టి పరీక్షింపగా, తాళపుచెవి వ్రేలిని ఎముక కనబడునంత లోతుగా కోసియుండెను. ఆ పిల్లవానికి ఆ సంగతియే తెలియదు. మనము తిప్పలేకపోవుట బలము లేక కాదు. నొప్పి మన చేతిని ఆపుచున్నది. ఆ ఆపువాడు లేని చేయి తన్నుతాను కోసికొనును.

ఇంకొక సంగతి మరింత ఘోరము. చేతులు బాగుచేయించుకొని నివాసముననున్న రోగులకు ఉదయమున లేచునప్పటికి వ్రేళ్లకొనలు తరిగియుండుట కనబడుచుండెను. కారణము తెలియక రాత్రి కావలి కాచి చూడగా, నిద్రించుచున్నవారి వ్రేళ్లను ఎలుకలు కొరుకుచుండెను. వారికి మెలకువయైనను రాలేదు. అప్పటినుండి రోగులకు పిల్లులను ఇచ్చి పంపిరి. మందులు కాదు, పిల్లులు! దీనిని నేను కథగా చెప్పుటలేదు. 1955లో కాట్పాడికి సమీపమున కరిగిరిలో వెలసిన కుష్ఠురోగపరిశోధనాలయమువారు దశాబ్దములపాటు రోగులకు నేర్పిన మొదటి పాఠము ఏమి? దినమునకొకసారి చేతులు, కాళ్లు కన్నులతో చూచుకొనుడని. శరీరము చెప్పని మాటను కన్ను చెప్పవలెనని. మెత్తని రబ్బరు అట్టతో వారికి చెప్పులు కుట్టించి ఇచ్చినది ఈ మండలముననే. బ్రాండ్ తన జీవితాంతమువరకు నొప్పిని దేవుడిచ్చిన వరమని చెప్పుచునే యుండెను. ఆ మాట పుట్టిన నేలమీద నిలిచి, నొప్పిని మొద్దుబార్చుటయే ఆరోగ్యమని చెప్పు ప్రకటనలను మన పిల్లలు అరచేతిలోని ఫోనులలో చదివి, పెద్దలకు వినిపించుచున్నారు.

ఇక మా యింటి సంగతి. నిరుటి వైశాఖమున గుడియాత్తములో బంధువుల యింట వివాహము జరిగినప్పుడు, భోజనములైన పిదప మా అక్క గోడ పట్టుకొని లేచుట చూచి ఆ కుర్రవాడే, "అత్తా, ఈ మాత్రలు ఎన్నాళ్లని మింగుతావు? నాతో రా, మూడు నిమిషాలు ఆ పెట్టెలో నిలబడితే చాలు" అనెను. చుట్టునున్న పదిమందియు ఔనౌననిరి. పెండ్లియింట వాదమెందుకని నేను ఊరకుంటిని. ఆ మౌనమునకు ఇప్పటికిని నన్ను నేను మన్నించుకొనలేదు. అక్క గుడియాత్తపు లుంగీమగ్గముల దగ్గర ముప్పదియేండ్లు నేలమీద కూర్చుండి కండెలు చుట్టినది. మోకాళ్లు అక్కడ అరిగినవి. పదునాలుగేండ్లుగా షుగరు కలదు. అరికాళ్లలో ఎప్పుడును తిమ్మిరి. ఆమెను ఒక కేంద్రమునకు తీసికొనిపోగా, వారు ఇంగ్లీషు కాగితముమీద సంతకము చేయించుకొనిరి, రక్తపుపోటు చూచిరి, షుగరు మాట అడుగలేదు. ఎండలో ఆటో దిగి వచ్చినందున పాదములు చెమర్చియుండగనే మేజోళ్లు తొడిగిరి. ఆ సాయంకాలము ఆమె నాకు ఫోను చేసి, "ఒళ్లంతా తేలిగ్గా ఉందిరా" అనెను. నేనును సంతోషించితిని. శుక్రవారమునాడు కాళ్లకు పసుపు రాయుచున్న మనుమరాలు కుడికాలి చిటికెనవ్రేలి ప్రక్కన నల్లబడి పొంగిన బొబ్బను చూచి కేకవేసెను. అక్క వంగి చూచి, "నొప్పి లేదు గదా, పుండెట్లా అవుతుంది?" అనెను. ఆ ఒక్క మాట విన్నప్పుడు నాకు తాళము తిప్పిన పిల్లవాడు కన్నులయెదుట నిలిచెను.

కుర్రవాడు ఇప్పుడు చెప్పు సమాధానమేమనగా, తప్పు తడిసిన మేజోళ్లది గాని వైద్యముది కాదని. ఈ సమాధానము నాకు కొత్త కాదు. 2011లో డేగూ నగరమున జరిగిన ప్రపంచపోటీలకు ముందు, అమెరికా పరుగువీరుడు జస్టిన్ గాట్లిన్ తడిసిన మేజోళ్లతో ఇట్టి గదిలోనికి పోయి పాదములు చలికి కాలి బాధపడెను. శిక్షకులు, వైద్యులు వెంటనుండు జగజ్జెట్టికే ఆ గతి పట్టినప్పుడు, సంతకము చేసిన కాగితములో ఏమున్నదో చదువలేని అరువదిమూడేండ్ల ముసలమ్మకు తడి, పొడి చూచుకొనుమనుట ఏ న్యాయము? 2015లో అమెరికాలోని నెవాడా రాష్ట్రమున ఇట్టి కేంద్రములో పనిచేయు యువతి యొకతె రాత్రి ఒంటరిగా యంత్రములోనికి పోయి ప్రాణవాయువు చాలక మరణించెను. నత్రజనికి రంగు లేదు, వాసన లేదు. అది గదిని నింపినప్పుడు ముక్కు హెచ్చరింపదు.

నేను చలికి విరోధినని ఎవరును తలపవలదు. చిత్తూరువైపున నీవా అని పిలువబడు ఏరు మా ఊరికి వచ్చునప్పటికి పొన్నై అగును. దాని యొడ్డుననే మేము పెరిగితిమి. రాష్ట్రకూటుడైన మూడవ కృష్ణుడు 959లో దండు విడిసిన మేల్పాడి ఇదియే. రాజరాజచోళుడు తన తాతయైన అరింజయుని స్మృత్యర్థము కట్టించిన గుడి ఇక్కడనే కలదు. ధనుర్మాసమున తెల్లవారుజామున ఇసుకలో చెలమ తీసి, ఆ ఊటనీటిని చెంబుతో తలమీద కుమ్మరించుకొని, వణకుచు ఆ గుడి రాతిపలకలమీద అడుగుపెట్టిన చలి నా యెముకలలో నేటికిని ఉన్నది. అప్పటి ఇసుక నేడు లేదు, లారీలలో పోయినది, చెలమ తీయుటకు చోటు వెదకవలసివచ్చుచున్నది. ఏటి చల్లదనమును అమ్ముకొన్న జాతి పెట్టెలోని చల్లదనమును కొనుటకు నగరములకు పోవుచున్నది. జలచికిత్సయు మనకు కొత్త కాదు. లూయీ కూనే తొట్టిస్నానములనుగూర్చి వ్రాసిన గ్రంథము 1894లోనే తెలుగులోనికి వచ్చినది. అందులోని ప్రతి మాటను నేను సమర్థింపను గాని, ఆహారనియమము లేని స్నానము పనికిరాదని ఆయన పట్టుపట్టెను. కేవలము చల్లబడి బాగుపడుడని ఆయన చెప్పలేదు.

చలియే కావలెనన్నచో, తువాలులో చుట్టిన మంచుగడ్డ ఆ గదికి తీసిపోదు. గాలికన్న నీరు ఇంచుమించు ఇరువదియైదు రెట్లు వేగముగా వేడిని లాగును. అందుచేతనే అంతటి చలిగాలిలో మూడు నిమిషములు మనిషి బ్రతికి బయటపడుచున్నాడు, అందుచేతనే ఆ చలి కీలులోపలికి దిగకుండ చర్మమువద్దనే నిలిచిపోవుచున్నది. కాళ్లలో స్పర్శ చక్కగా ఉన్నవారు మంచుమూటను పది పదునైదు నిమిషములు మోకాలిమీద పెట్టుకొనవచ్చును. స్పర్శ తగ్గినవారు అదియును వైద్యుని అడుగక చేయరాదు.

మరి మోకాళ్లకు ఏమి చేయవలెనందురా? కుర్చీలో కూర్చుండి కాలు చాచి ఎత్తి నిలుపుట, తొడకండరములను బలపరచుట, బరువు తగ్గుట, ఎండ ఎక్కకముందు నడచుట. ఫిజియోథెరపీ నేర్పువారు మన ఆసుపత్రులలోనే కలరు. ప్రమాదమున నడుము క్రింద చచ్చుపడి చక్రములకుర్చీలోనుండియే రోగులకు చికిత్స చేసిన మేరీ వర్గీస్, సి.ఎం.సి.లో పునరావాసవైద్యశాఖకు మొదటి అధిపతి. శరీరమును తిరిగి పనిలోనికి తెచ్చుట దినదినసాధనయే గాని ఇంద్రజాలము కాదని చూచుటకు మనము జపాను పోనక్కరలేదు. ఈ సాధనను కూలిపనివారికి, మగ్గమువారికి, అగ్గిపెట్టెల కర్మాగారములలోని స్త్రీలకు వారి వాడలలోనే అందించుట ఎట్లన్నది విపులముగా మరియొకసారి వ్రాయవలసిన విషయము.

ఇప్పటికి ఒక్కటి వేడుకొందును. ఇంట షుగరు ఉన్న పెద్దలుండిరేని, వారిని ఆ పెట్టెలకు తీసికొనిపోకుడు. కాళ్లలో తిమ్మిరి ఉన్నవారిని, గుండెజబ్బు, రక్తపుపోటు ఉన్నవారిని అసలే తీసికొనిపోకుడు. ప్రేమతో తీసికొనిపోవుచున్నామని మీరు అందురు. మా కుర్రవాడును ప్రేమతోనే తీసికొనిపోయెను.

అక్క పుండు మానుటకు పదునొకండు వారములు పట్టినది. మోకాళ్లనొప్పి ఎప్పటివలెనే ఉన్నది. ఆమె ఇప్పుడు ప్రతిరాత్రియు పడుకొనబోవుముందు దీపము దగ్గరకు జరిగి, చేతి అద్దమును నేలమీద పెట్టి, అరికాళ్లు రెండును చూచుకొనుచున్నది.