గాలి తగ్గిందా... సెన్సర్ పోయిందా?

మే నెల. మిట్టమధ్యాహ్నం. హైదరాబాద్ నుంచి విజయవాడకు బయల్దేరిన ఓ పాత స్పోర్ట్స్ కారు జగ్గయ్యపేట దాటిందనుకోండి. పదిహేనేళ్ల కిందటి మోడల్. రెండే సీట్లు, నేలను రాసుకుంటూ పోయే ఒళ్లు, వెడల్పాటి టైర్లు. చిల్లకల్లు టోల్‌గేటు దాటి వేగం అందుకోగానే డాష్‌బోర్డు మీద పసుపు దీపం వెలిగింది. గుర్రపు లాడం లాంటి బొమ్మ, మధ్యలో ఆశ్చర్యార్థకం. ముందూ వెనకా సిమెంటు లారీలు. నందిగామ ఇంకా దూరం. డిక్కీలో స్టెప్నీ లేదు.

ఆగాలా? 'పాత బండి కదా, సెన్సర్ పోయుంటుందిలే' అని పోనివ్వాలా?

చాలామంది చేసేది రెండోదే. కొందరైతే ఆ దీపం కనపడకుండా నల్లటేపు అంటించేస్తారు! కానీ ఆ దీపం చెప్పే మాటలు రెండు. ఒకటి, టైర్లో గాలి తగ్గింది. రెండు, గాలి సంగతి చెప్పే పరికరమే పనిచేయడం లేదు. కారు స్టార్ట్ చేయగానే దీపం నిమిషం, నిమిషంన్నర పాటు మిణుకుమిణుకుమని ఆ తర్వాత నిలకడగా వెలిగితే చాలా కార్లలో అది పరికరం లోపం. మిణకకుండా నేరుగా వెలిగితే గాలి తగ్గినట్టు. మోడల్‌ని బట్టి తేడాలుంటాయి కాబట్టి కారుతో వచ్చిన పుస్తకం ఓసారి తిరగేయాలి. ఆ పుస్తకం పాత కార్లలో ఉండదన్నది వేరే సంగతి.

ఈ ఏర్పాటుకు ఆద్యం స్పోర్ట్స్ కార్లే. 1986లో వచ్చిన పోర్షే 959లో ఇది ఉంది. 1997 కార్వెట్‌లో స్టెప్నీ తీసేసి, గాలి పోయినా కొంతదూరం నడిచే రన్‌ఫ్లాట్ టైర్లు పెట్టారు. వాటి పక్కగోడలు గట్టివి. గాలి పోయినా టైరు నలిగినట్టు కనిపించదు. కాలితో తన్ని చూస్తే తెలియదు. దీపం ఒక్కటే దిక్కు. మామూలు కార్లకు ఇది పాకడం వెనక విషాదం ఉంది. ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ కార్లకు వేసిన ఫైర్‌స్టోన్ టైర్లు ఊడిపోయి అమెరికాలో 250 మందికి పైగా చనిపోయారు. దాంతో 2000లో చట్టం తెచ్చారు. 2007 సెప్టెంబరు నుంచి అక్కడి కొత్త కార్లన్నింటికీ ఇది తప్పనిసరి అయింది.

ఇంతకీ సెన్సర్ ఎక్కడుంటుంది? చాలా కార్లలో రిమ్ము లోపల, వాల్వుకు అంటిపెట్టుకుని. అగ్గిపెట్టె కన్నా చిన్నది. గాలి ఒత్తిడిని కొలిచి రేడియో తరంగాల ద్వారా కారుకు కబురు పంపుతుంది. దానికో చిన్న బ్యాటరీ. తడి తగలకుండా సీలు వేసేస్తారు కాబట్టి విడిగా మార్చడం కుదరదు. ఆయుష్షు ఏడు నుంచి పదేళ్లు. అంటే పదిహేనేళ్ల కారులో పాత సెన్సర్లే ఉంటే వాటి పని అయిపోయినట్టే లెక్క. నాలుగూ ఒకే ఈడువి కాబట్టి ఒకటి పోయిందంటే మిగతావీ క్యూలో ఉన్నట్టే. ఒకేసారి మార్పించుకుంటే టైర్లు విప్పే కూలి కలిసొస్తుంది.

అయితే ముందు తేల్చుకోవాల్సింది గాలి సంగతి. అందుకు స్కానర్ అక్కర్లేదు, చేతిలో పట్టే గేజి చాలు. డ్రైవర్ తలుపు పక్కన అతికించిన చీటీలో ఉండే అంకె చల్లటి టైరుకు వర్తిస్తుంది. అంటే కనీసం మూడు గంటలు కదలని టైరు. మే ఎండలో ఈ మెట్ట ప్రాంతపు రోడ్డు మీద పరుగెత్తిన టైరులో నాలుగైదు పీఎస్‌ఐ ఎక్కువ చూపించడం మామూలే. 'ఎక్కువైంది' అని అక్కడే గాలి తీయించారో, తెల్లారి చల్లబడ్డాక టైరు తక్కువ గాలితో మిగులుతుంది. తక్కువ గాలి టైరు పక్కలు నలిగి మరింత వేడెక్కుతుంది. పేలేది అలాగే.

అందుకే దారిలో దీపం వెలిగితే మెల్లగా వేగం తగ్గించి, లారీల దారికి దూరంగా ఎడమ పక్కకు ఆపి నాలుగు టైర్లూ కొలవాలి. స్పోర్ట్స్ కార్లకు ముందు టైర్లకో అంకె, వెనక టైర్లకో అంకె ఉంటుంది కాబట్టి ముందు రెంటినీ ఒకదాంతో ఒకటి, వెనక రెంటినీ ఒకదాంతో ఒకటి పోల్చాలి. జతలో ఒకటి 36, రెండోది 28 చూపిస్తే మేకు దిగినట్టే. జతలు సమానంగా ఉండి, చీటీలో అంకె కన్నా కాస్త పైనే ఉంటే అనుమానం సెన్సర్ మీదికి మళ్లించొచ్చు. రన్‌ఫ్లాట్ టైరు ఖాళీ అయితే సాధారణంగా 80 కిలోమీటర్ల వేగం దాటకుండా మరో 80 కిలోమీటర్లు వెళ్లొచ్చు. నందిగామ నుంచి విజయవాడకు అది సరిపోతుంది. మామూలు టైరైతే ఒక్క అడుగు కూడా వద్దు.

నందిగామలో పంక్చర్ షాపు దొరికాక ఇంకో గండం. టైరు విప్పేటప్పుడు వాల్వు పక్కన ఇనుప కడ్డీ దూర్చితే సెన్సర్ పుటుక్కుమంటుంది. 'బాబూ, వాల్వు దగ్గర సెన్సరుంది' అని ముందే చెప్పాలి. గాలి ఆపే జిగురు ద్రవం పోస్తామంటే సెన్సర్ రంధ్రం మూసుకుపోవచ్చు. లోహపు వాల్వులో ఇత్తడి పిన్ను వేస్తే అల్యూమినియంతో పడక తుప్పు పట్టి బిగుసుకుపోతుంది. నికెల్ పూత ఉన్నదే అడగాలి.

కొత్త సెన్సర్ కొనేటప్పుడు ఫ్రీక్వెన్సీ చూడాలి. మన దేశంలో, యూరప్‌లో అమ్మే కార్లకు ఎక్కువగా 433 మెగాహెర్ట్జ్. అమెరికావి ఎక్కువగా 315. సెలవులకొచ్చిన బావమరిది చవగ్గా తెచ్చిన నాలుగు సెన్సర్లు ఇక్కడి కారుతో మాట్లాడకపోవడానికి కారణం అదే. సరైనవి వేసినా వాటి నంబర్లు కారు కంప్యూటరుకు పరిచయం చేయాలి. కొన్ని కార్లు ఇరవై నిమిషాలు నడిపితే తామే నేర్చుకుంటాయి. మిగతావాటికి షోరూములోని యంత్రం కావాలి. అదే యంత్రంతో పాత సెన్సర్లను ఒక్కొక్కటిగా పలకరించి, పలకనిదేదో ముందే తేల్చుకోవచ్చు.

గాలి దీపమూ, రిపేరు కిట్టూ ఉంటే స్టెప్నీ లేకపోయినా ఫర్వాలేదని 2020 జులైలో మన కేంద్ర ప్రభుత్వం కూడా నిబంధన సడలించింది. కానీ పాత కారు కొనేటప్పుడు ఆ కిట్టు డిక్కీలో ఉందో లేదో ఎవరూ చూడరు. ఉన్నా అందులోని ద్రవానికి గడువు తేదీ ఉంటుంది. పదిహేనేళ్ల నాటి సీసా అయితే చిల్లకల్లు దగ్గర దాన్ని తెరిచి లాభం లేదు.