ఊరు మారిన నటుడి తొలి మజిలీ

విశాఖలోనో కర్నూలులోనో ఏళ్ల తరబడి నాటకాలాడి, పరిషత్తుల్లో బహుమతులు తెచ్చుకుని, పెళ్లి వల్లనో ఉద్యోగం బదిలీ వల్లనో హైదరాబాద్ చేరిన నటీనటులకు ముందుగా వినిపించే సలహా ఒకటుంది. అక్కడ చేసినదంతా మర్చిపోయి, ఇక్కడ అ ఆల నుంచి మొదలుపెట్టమంటారు. చెప్పేవాళ్లు మంచి మనసుతోనే చెబుతారు. అయినా అది తప్పు సలహా అని నా గట్టి నమ్మకం. ఊరు మారితే నటుడికి పోయేది పరిచయాలు. వాచికం, ఆంగికం, పాత్రను పట్టుకునే ఒడుపు, పుట్టిన ప్రాంతపు యాస వెంటే వస్తాయి. పోయినవాటి కోసం పరుగెత్తుతూ ఉన్నవాటిని మూటకట్టి అటక మీద పడేయమనడం ఏం న్యాయం? కొత్త ఊళ్లో అడుగుపెట్టిన నటుడు సినిమా ఆఫీసుల కంటే ముందు ఒక నాటక సమాజాన్ని వెతుక్కోవాలన్నది నా వాదన.

ఇప్పుడు వేషాలు దొరికే తీరు చూడండి. ఫొటోలు, ఎత్తు, వయసు, నిమిషం నిడివి వీడియో వాట్సాప్‌లో పంపాలి. పిలుపొస్తే ఫోన్ కెమెరా ముందు నిలబడి పేరు, ఊరు చెప్పాలి. ఎడమకీ కుడికీ తిరిగి ముఖం చూపించాలి. అప్పటికప్పుడు చేతికిచ్చిన నాలుగు మాటలు చెప్పి బయటికి రావాలి. చివరి వరుస దాకా గొంతు వినిపించడం అలవాటైన రంగస్థల నటుడు అక్కడ మూడడుగుల దూరంలోని ఫోన్‌కి నటించాలి. కొంచెం గొంతెత్తితే చాలు, ‘ఓవర్’ అనేస్తారు. గొంతు తగ్గించినా భావం తగ్గకుండా చూసుకోవడం పెద్ద విద్య. రోజూ ఎదుటి నటుడి కళ్లలోకి చూస్తూ సాధన చేస్తేనే పట్టుబడుతుంది. కృష్ణానగర్ గదిలో ఫోన్ మోగుతుందేమోనని ఎదురుచూస్తూ నెలలు గడిపితే ఉన్న పదును కూడా పోతుంది. పైగా రిహార్సల్‌లో పక్కన నిలబడి మన పని చూసినవాళ్లు నలుగురికి చెప్పే మాటకున్న విలువ ఫొటోకి ఉండదు. పోయిన పరిచయాలు మళ్లీ కలిసేదీ అక్కడే.

మన సినిమా చరిత్ర ఇదే చెబుతోంది. ప్రజా నాట్యమండలి నుంచి వచ్చిన డాక్టర్ గరికపాటి రాజారావు 1953లో ‘పుట్టిల్లు’ తీసినప్పుడు, పాలకొల్లు రంగస్థలం మీద రాటుదేలిన అల్లు రామలింగయ్యకు తొలి వేషం ఇచ్చారు. బ్యాంకు ఉద్యోగం చేస్తూ నాటకాలాడిన కోట శ్రీనివాసరావు 1978లో ‘ప్రాణం ఖరీదు’తో తెరకెక్కారు, అదీ నాటకం నుంచి వచ్చిన సినిమాయే. అందరికంటే జయప్రకాశ్ రెడ్డి జీవితం ఇక్కడ ముఖ్యం. 1988లో ‘బ్రహ్మపుత్రుడు’తో సినిమాల్లోకి వచ్చిన ఆ లెక్కల మాస్టారు, కొన్నేళ్లకు అవకాశాలతో ఇల్లు గడవక తిరిగి బడికి వెళ్లిపోయారు. 1997లో ‘ప్రేమించుకుందాం రా’తో మళ్లీ వచ్చారు, రెండేళ్లకు ‘సమరసింహారెడ్డి’తో రాష్ట్రమంతా ఆయన పేరు చెప్పుకుంది. ఆ రెండో రాకలో ఆయనను నిలబెట్టింది ఏమిటి? తాను పుట్టిన రాయలసీమ మాట, నాటకం నేర్పిన గొంతు. పేరొచ్చాక కూడా ‘అలెగ్జాండర్’ అనే ఏకపాత్ర నాటకాన్ని ఒంటిచేత్తో నడిపించారంటే, రంగస్థలాన్ని ఆయన ఎంతగా నమ్ముకున్నారో తెలుస్తుంది.

గెలిచిన నలుగురి పేర్లు చెబుతున్నారు, గెలవనివాళ్ల సంగతేమిటని ఎవరైనా అడగవచ్చు. సరైన ప్రశ్నే. నాటకం ఆడినవాళ్లందరికీ వేషాలు రాలేదు, రావు కూడా. కానీ వేషం రాకపోయినా నటుడు నటుడిగా మిగలాలి కదా! ఆఫీసుల చుట్టూ తిరిగి ఓడిపోయినవాడికి ఏమీ మిగలదు. నాటకం ఆడినవాడికి ఆడిన పాత్రలైనా మిగులుతాయి. నాటకం కూడు పెట్టదన్నది ఇంకా బలమైన అభ్యంతరం. నిజంగానే పెట్టదు. అందుకే కోట బ్యాంకునీ, జయప్రకాశ్ రెడ్డి బడినీ గుర్తుచేస్తున్నాను. జీతం వచ్చే పని చేసుకుంటున్నామని చెప్పుకోవడానికి నటులు సిగ్గుపడనక్కర్లేదు. అద్దె బాకీ పడ్డవాడు వచ్చిన ప్రతి వేషానికీ తలూపాల్సి వస్తుంది. పసిపిల్లలున్న తల్లులు సాయంత్రం రిహార్సళ్లకు రాలేకపోవడం మాత్రం నన్ను నిజంగా బాధపెట్టే విషయం. దీనికి సర్దుకోవాల్సింది నాటక సమాజాలే. వారాంతపు పగటిపూట రిహార్సళ్లు పెట్టుకోవడం అసాధ్యమేమీ కాదు.

ఇక కాలం మారింది, రీల్స్ చూసి తీసుకుంటున్నారు అనేవాళ్లు 2023లో తెలంగాణ మాటతో వచ్చిన ‘బలగం’ని గుర్తుచేసుకోవాలి. ఆ సినిమాకి కేంద్రమైన తాత కొమురయ్యగా కనిపించిన కేతిరి సుధాకర్ రెడ్డి రంగస్థల నటుడు. ప్రాంతపు మాటకు తెర మీద ఇంత గిరాకీ ఉన్న రోజుల్లో, ఉత్తరాంధ్ర నుంచి వచ్చిన అమ్మాయి తన యాసను అరగదీసుకుని ఆడిషన్‌కి వెళ్లడం ఎంత నష్టం!

నటుల ఎంపిక చూసేవాళ్లకు ఒక విన్నపం. మీరు పంపే ఫారాల్లో ఎత్తు, రంగు అడిగే చోట ఇంతకు ముందు ఆడిన నాటకాలు కూడా అడగండి. నెలకొక సాయంత్రమైనా నాటకం చూడండి. కొత్తగా ఊరొచ్చిన నటీనటులకు చెప్పేది ఇంతే. ఈ వారం రవీంద్రభారతిలో ఏ నాటకం ఉందో కనుక్కుని వెళ్లండి. ప్రదర్శన అయ్యాక దర్శకుణ్ని కలిసి, మీ ఊళ్లో మీరు వేసిన పాత్రల గురించి చెప్పండి.